మూడో తొట్టి మగ చేప

ఆగస్టు 4
మళ్ళీ అంబలే. అత్త గ్లాసుతో కొలిచి మరీ పోసింది. "ఒల్లంతా కొవ్వే. కడుపేటి పండుతాది?" పక్కనే బావకి నూనెలో తేలే చేప వేపుడు. మూడో ముక్క, నాలుగో ముక్క... నా మొగుడేగా, తలెత్తి ఒక్క మాట అనొచ్చు. ఇద్దరినీ చూస్తే ఒళ్ళు మండుతోంది. ఇక్కడ రాసుకోవడం తప్ప నోరు లేదు నాకు.

ఆగస్టు 7
టెక్కలి కాలేజీ ల్యాబులో చేపలకి మేత వేసే నా పనీ కొవ్వుతోనే. వేలెడంత లేని చారల చేపలు. మూడు తొట్లు, మూడు రకాల మేత. ఒకటో దానికి చేప నూనె కలిపింది, రెండో దానికి అవిసె నూనెది. మూడో దానికి పామాయిల్, అదీ రెట్టింపు. ఏ నూనె ఏం చేస్తుందో చూడాలట. ల్యాబు మేడమ్ మేత డబ్బాల మీద రంగు చుక్కలు పెట్టింది, ఐదో తరగతే చదివినదాన్ని కదా, తికమక పడతానని. నాకు చదవడం వచ్చు. చెప్పలేకపోయాను.

ఆగస్టు 12
గుడ్ల రోజు. ముందు సాయంత్రం ఆడదాన్నీ మగదాన్నీ ఒక డబ్బాలో వేసి మధ్యన అడ్డు పెడతాం. పొద్దున లైటు వెలగగానే అడ్డు తియ్యాలి. అడుగున గోళీలు — గుడ్లు వాటి సందుల్లోకి జారకపోతే కన్నవే తినేస్తాయి. మూడో తొట్టి జంట పెట్టినవి కొన్నే. మధ్యాహ్నానికి అవీ సున్నంలా తెల్లబడ్డాయి. తెల్లబడితే ఇక పిల్ల రాదు.

ఆగస్టు 13
నాదే బుద్ధితక్కువ. అత్తకి చెప్పాను. "అద్గదీ! కొవ్వెక్కితే ఆడదానికంతే. సేపకైనా, దీనికైనా." వీధంతా చెప్పొచ్చింది. దసరా దాకా చూస్తుందట. తర్వాత నన్ను కోటబొమ్మాళిలో మా అమ్మ దగ్గర దింపేసి, మూలపేట నుంచి తన తమ్ముడి కూతుర్ని బావకి తెస్తుందట. "మా గుంట సన్నంగుంటాది. ఏడాది తిరిగీసరికి బిడ్డనెత్తుకుంటాది." బావ వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. చెవులు లేవా?

ఆగస్టు 20
అంబలి. బస్సులో ఆకలికి కళ్ళు తిరిగాయి.

ఆగస్టు 25
లోపం ఎవరిదో తెలియాలంటే జంటలు మార్చాలంది మేడమ్. మూడో తొట్టి ఆడదానికి ఒకటో తొట్టి మగది. ఒకటో తొట్టి ఆడదానికి మూడో తొట్టి మగది. నేనే పట్టి వేశాను. మూడో తొట్టి మగవాటి పొట్టలు ఇన్నాళ్ళూ చూడనే లేదు నేను. అవీ ఉబ్బే ఉన్నాయి.

ఆగస్టు 27
మూడో తొట్టి లావు ఆడది పెట్టినవి తక్కువే. కానీ చాలావాటిలో పిల్ల కదులుతోంది. సన్నటి ఆడది బోలెడు పెట్టింది, లావు మగదానితో. అన్నీ తెల్లన. మళ్ళీ చూశాను. తెల్లన.
"మగదాని వల్లనా మేడమ్?" అడిగేశాను!
"ఒక్కసారికి చెప్పలేం అమ్మా. ఆడదానికీ గుడ్లు తగ్గాయి కదా. అయినా చేప చేపే, మనిషి మనిషే."
తగ్గాయి. కానీ ఉన్నాయి.

ఆగస్టు 29
వేసవిలో డాక్టరమ్మ మా ఇద్దరికీ చెరో పరీక్ష రాసింది. నాది చేయించుకున్నాను, లోపం లేదంది. బావకి రాసిన చీటీ అత్త లాక్కుంది. "మగోడికి పరీచ్చలేటే? సిగ్గు నేదా?" చూరులో దోపేసింది. ఇవాళ తీశాను. అంచు చెదలు తినేసింది. పేరు మాత్రం ఉంది.

సెప్టెంబరు 2
"సేప గుడ్లు పారబోసే పని సేత్తే కడుపేటి నిలుత్తాది" అని నన్ను తిడుతూనే కొడుక్కి చేప గుడ్లు వేపి పెట్టింది అత్త. నవ్వొచ్చింది. పైకే నవ్వాను.
"ఏటే ఆ ఇకిలింపు?"
చీటీ బావ కంచం పక్కన పెట్టాను.
"ఏటిది?" అన్నాడు.
"నా పరీచ్చ అయిపోనాది. ఇది నీది బావా."
అత్త చేతిలో గరిటె ఆగిపోయింది. బావ మిగిలిన గుడ్లు తిననే లేదు. చెయ్యి కడుక్కుని, చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

సెప్టెంబరు 3
నేను లేచేసరికే బావ వేటకి పోయాడు. నిన్నటి చొక్కా కొయ్యకే ఉంది. అత్త ఉతకడానికి బట్టలన్నీ లాగుతూ దాని దగ్గరికి వచ్చి ఆగింది. నా వైపు చూసింది. నేను చూపు దించలేదు. అది ఒక్కటీ వదిలేసి మిగతావి పట్టుకుపోయింది.
జేబులో చీటీ ఉందో, తీసుకునే వెళ్ళాడో...
చెయ్యి పెట్టి చూడలేదు. ఆవిడా చూడలేదు.