దర్జీగారికి పడ్డ కుట్టు

అక్కా,

నీ జాకెట్లు ఇంకా కుట్టలేదని మా ఆయన మీద కోప్పడకు. వారం రోజులు మిషను తొక్కొద్దని డాక్టరమ్మ చెప్పింది.

కళ్ళ ముందు మెరుపులు మెరిసి తలనొప్పి వస్తోందని నీకు చెప్పాను కదా. "అలాంటి తలనొప్పికి ఈ గర్భనిరోధక మాత్రలు పనికిరావమ్మా, పక్షవాతం రావచ్చు," అని ఆవిడ వాటిని మాన్పించింది. "హార్మోన్లు లేని కాపర్‌-టీ ఉంది. ఇక పిల్లలు వద్దనుకుంటే మీ ఆయనకి చిన్న ఆపరేషన్ చాలు," అంది.

రోజంతా కత్తెర ఆడించే మనిషి, నేనింటికొచ్చి ఆ మాట చెప్పగానే కుర్చీలో చతికిలబడ్డాడు. రెండు రోజులు నేను ఆ ఊసెత్తితే చాలు, మిషను గడగడా తొక్కేశాడు. మూడో రోజు నాకు మళ్ళీ మెరుపులొచ్చి కూలబడితే, మెడలో టేపుతోనే ఆపరేషన్ చేయించుకుంటానని ఆసుపత్రికి పరుగెత్తాడు. బల్ల మీద పడుకుని, "దారం గట్టిదేనా? కుట్టు పిగిలిపోదు కదా?" అని అడిగాడట. మూడు నెలల తర్వాత పరీక్ష చేసేదాకా కండోమ్ తప్పదన్నారు.

ఇవాళ మంచం మీంచే, "తలనొప్పి వచ్చిందా?" అని కేకేశాడు.

"ఐదు రోజుల నుంచీ లేదు," అన్నాను.

"చూశావా అమ్మా, నా ఆపరేషన్ పనిచేసింది!" అని మా అత్తగారితో గొప్పలు పోయాడు.

మాత్రలు మానింది నేనని గుర్తుచేయబోయి, ఆయన మొహం చూసి ఊరుకున్నానక్కా.

నీ చెల్లెలు