చిలక తల కొలత

డాక్టరమ్మ గారికి దర్జీ నమస్కారాలు.

మొన్న మా ఊరొచ్చినప్పుడు కోటు చేతులు పొట్టి చేయించుకుంటూ మీరో మాట అన్నారు, జంతువుల్ని ఒంటరిగా ఉంచితే మెదడు కుంచించుకుపోతుందని. అప్పట్నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. మా కొట్లో చిలక ఒకప్పుడు పంతొమ్మిది మాటలు మాట్లాడేది. రెండేళ్లుగా ఒక్కొక్కటే మర్చిపోయి, ఇప్పుడు కత్తెర చప్పుడు మాత్రం చేస్తోంది. "తమ్ముడూ, టీ తాగావా?" అని నా గొంతుతో అడిగి, "తాగాను అన్నయ్యా, నువ్వో?" అని మా తమ్ముడి గొంతుతో తనే జవాబు చెప్పేది. ఆ రెండు ముక్కలైనా తిరిగి రావాలి. అవి వినే దారి నాకింకోటి లేదు.

టేపుతో దాని తల కొలిచాను. పోయిన వారం మూడున్నర అంగుళాలు, ఈ వారం మూడుంపావు. ఉతికిన గుడ్డలా తగ్గిపోతోంది!

ఇట్లు,
దర్జీ

తా.క. కరిచింది. కొలత పావంగుళం అటూ ఇటూ అయ్యుండొచ్చు.

* * *

దర్జీ గారికి నమస్కారం.

దయచేసి చిలక తల కొలవకండి. మెదడులో వచ్చే తేడా టేపుకి అందదు. మా ల్యాబులో ఒంటరిగా ఉంచిన ఎలుకలు నిన్న నేర్చుకున్న దారినే ఇవాళ తడుముకుంటాయి. తోడు పెడితే చాలావరకు కోలుకుంటున్నాయి. మీ చిలకకీ తోడు కావాలి.

ఇట్లు,
మీరు చేతులు పొట్టి చేసిన కోటు వేసుకున్న డాక్టరు

తా.క. ఎలుకలకి తోడు వెతికే పనిలో పడి నేను మాత్రం రోజూ ఒక్కదాన్నే భోంచేస్తున్నాను. నా తల కూడా కొలవకండి.

* * *

డాక్టరమ్మ గారికి నమస్కారాలు.

తోడు కుట్టేశాను. ఆకుపచ్చ వెల్వెట్టు, లోపల దూది, ఎర్ర ముక్కు. కళ్లకి రెండు నల్ల గుండీలు కావాల్సొచ్చాయి. గుండీల డబ్బా తమ్ముడి వైపుంది. మాకు రెండేళ్లుగా మాటల్లేవు, కొట్టు మధ్యలో తెర కట్టుకున్నాం. (నేనే కుట్టాను, లైనింగు కూడా వేశాను.) చీటీ రాసి తెర కిందనుంచి తోశాను. రెండడిగితే నాలుగు పంపాడు. మా చిలక వెంటనే కొత్తదాని కళ్లు రెండూ పీకేసింది. వాడికి ముందే ఎలా తెలిసిందో!

ఇట్లు,
దర్జీ

తా.క. మాటలు ఎందుకు మానేశామంటారా? కారణం చాలా పెద్దది. తీరిగ్గా ఇంకో ఉత్తరంలో రాస్తాను.

* * *

దర్జీ గారికి నమస్కారం.

తోడంటే కుట్టేది కాదండీ! చిలక మర్చిపోయింది మీ అన్నదమ్ముల మాటలు. మీరే మానేస్తే దానికెలా గుర్తుంటాయి? రోజూ పొద్దున్నే దానికి ఆ రెండు మాటలూ వినిపించండి. రెండు గొంతులూ వినపడాలి, మర్చిపోకండి.

ఇట్లు,
డాక్టరు

తా.క. ఆ పెద్ద కారణం కోసం ఎదురుచూస్తున్నాను.

* * *

డాక్టరమ్మ గారికి దర్జీ తమ్ముడి నమస్కారాలు.

అన్నయ్య రాయాల్సిన ఉత్తరం ఇది. పొద్దున్నుంచి ఆపకుండా మాట్లాడుతున్నాడు, కలం పట్టే తీరిక లేదు.

రెండు గొంతులూ వినిపించమన్నారట. ఈ మహానుభావుడు వారం రోజులు తెర అవతల నిలబడి తన గొంతూ నా గొంతూ తనే పలికాడు. నా వంతు వచ్చేసరికి మేకపిల్ల అరిచినట్టుండేది. ఏడు రోజులు పళ్లు బిగపట్టాను. ఎనిమిదో రోజు ఉండబట్టలేక తెర లాగి పారేసి, "నా గొంతు అలా ఉంటుందా? 'తాగాను అన్నయ్యా, నువ్వో?' ఇదిగో, ఇలా ఉంటుంది!" అని అరిచాను. అన్నయ్య కళ్లనిండా నీళ్లు. ఇంతలో "తమ్ముడూ, టీ తాగావా?" అని వినపడింది. గొంతు అన్నయ్యదే. అన్నయ్య మాత్రం నోరు తెరవలేదు.

మీ మేలు మర్చిపోలేం తల్లీ. మీరు లేకపోతే నేను ఇంకా తెర ఇవతలే ఉండేవాణ్ణి. ఆ తెర చింపి మీకో బల్లగుడ్డ కుట్టాం. సెలవు పెట్టి రండి, ముగ్గురం దానిమీదే భోంచేద్దాం.

ఇట్లు,
దర్జీ తమ్ముడు

తా.క. ఆ పెద్ద కారణం అడిగారట. మధ్యాహ్నం దాకా ఇద్దరం కూర్చుని ఆలోచించాం. ఇద్దరికీ గుర్తు రాలేదు. ఇది కూడా ఒంటరితనం వల్ల వచ్చిన మతిమరుపే అయితే, దీనికి మాత్రం మందు రాయకండి.