పదకొండో వరుస

నర్సమ్మకు,

ఇక్కడ అందరమూ క్షేమమే. అందరమూ అంటే నేనొక్కణ్ణే కాబట్టి ఆ వాక్యం రాయడం తేలికైంది. నువ్వూ పెద్దదీ బుడ్డోడూ బాగున్నారని నీ ఉత్తరం చూశాక తెలిసింది. ఫోనులో నేను మాట్లాడుతుంటే మధ్యలో దూరడానికి నీకు సందు దొరకదని, ఇకనుంచి ముఖ్యమైన సంగతులన్నీ కాగితం మీదే మాట్లాడుకుందామని రాశావు. సరే. ఇరవై ఏళ్ళుగా పత్రిక పెట్టుకుని లోకమంతటితో కాగితం మీదే పోట్లాడుతున్నవాణ్ణి, నీతో పోట్లాడలేకపోతానా.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. వంటింటి కుళాయి బాగుచేయించాను. అది కారుతున్నప్పుడే నయం, ఇంట్లో ఏదో ఒక చప్పుడు ఉండేది. బుడ్డోడి రెండో చెప్పు బీరువా వెనక దొరికింది. కడిగి కిటికీలో ఆరబెట్టాను. ఎప్పుడో ఆరిపోయింది. పంపమన్నావు, పంపుతాను, ఇంకో వారం ఉండనీ. తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. చెయ్యి అలవాటుకొద్దీ ముగ్గురికి సరిపడా వండేస్తోంది. పొద్దున వండింది సాయంత్రం, సాయంత్రం మిగిలింది మర్నాడు. పాచి అన్నం మీద సంపాదకీయాలు బాగానే వస్తున్నాయి.

ఇక అసలు సంగతి. విమానం కంపెనీ వాళ్ళు నీ ఫిర్యాదుకు జవాబిచ్చారని, మమ్మల్ని గేటు దగ్గర ఆపేసిన ఆ అమ్మాయిని విచారణ తేలేదాకా డ్యూటీకి రావద్దన్నారని రాశావు. నేను ప్రత్యక్ష సాక్షిగా వాంగ్మూలం సంతకం చేసి పంపితే ఆమె సంగతి తేల్చేస్తారట. “పాపం అనిపిస్తోంది, కానీ ఇద్దరు పసిపిల్లల్ని మొహం మీద గేటు వేసి వెనక్కి పంపినదాన్ని ఊరికే వదలకూడదు. జాగ్రత్తగా రాయి, నీకు చెప్పక్కర్లేదనుకో” అని రాశావు. ఆ చివరి మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

జాగ్రత్తగానే రాస్తాను. మొదటినుంచీ.

ఆ కంపెనీ మీద నా కోపం నీకు తెలిసిందే, అది ఇప్పటికీ చల్లారలేదు. చవక టికెట్టు అంటారు. చవక దేనికి? మనిషిని కుర్చీకి కట్టేసి తీసుకెళ్ళడం వరకే. ఆ కుర్చీ ఎక్కడుండాలో నువ్వు చెప్పాలంటే దానికి వేరే రేటు. చెప్పకపోతే వాళ్ళ మిషను చెబుతుంది. మాకు చెప్పింది కూడా: నాకు నాలుగో వరుస, పెద్దదానికి పదిహేడు, బుడ్డోడికి ఇరవై తొమ్మిది. మూడేళ్ళవాడికి. అది లాటరీ అంటే నేను నమ్మను. విడదీసేదీ వాళ్ళే, కలుపుతామని బేరం పెట్టేదీ వాళ్ళే. తండ్రి పక్కన పిల్లలు కూర్చోవడం సరుకైపోయింది. ఆ రోజే నిర్ణయించుకున్నాను, కొనకూడదని. నువ్వు ఫోనులో “కట్టేయి, గొడవ వదిలిపోతుంది” అన్నావు. గొడవ వదిలిపోవడమే వాళ్ళు అమ్ముతున్నది అన్నాను. నువ్వు ఫోను పెట్టేశావు.

కట్టలేదు. బదులుగా వాళ్ళ ప్రయాణ నిబంధనలు పధ్నాలుగు పేజీలు ప్రింటు తీయించి, ఎర్ర పెన్నుతో గీతలు గీసుకుని పట్టుకెళ్ళాను.

విమానాశ్రయంలో మొదట సంచుల పంచాయితీ. ఇనప చట్రం ఒకటి పెట్టారు, సంచి అందులో దిగితేనే లోపలికి. బుడ్డోడి సంచిలో మార్చుకునే బట్టలూ, నీళ్ళ సీసా, ఒంటికన్ను ఏనుగూ. ఏనుగు తొండం చట్రం దగ్గర అడ్డం పడింది. పెద్దది తొండం మడిచి లోపలికి తోసింది. దానికి అంతా నీ పోలికే. తర్వాత తోపుడు బండి. గేటు దాకా తోసుకురావచ్చు, అక్కడ మడిచి చీటీ కట్టి అప్పగించాలి. ఒక చేత్తో బండి మడవడం, ఇంకో చేత్తో నిద్రమత్తులో ఉన్న పిల్లాడు, పళ్ళ మధ్య బోర్డింగు పాసులు. అప్పుడు పిలిచారు: మొదట ప్రయారిటీ కొనుక్కున్నవాళ్ళు, తర్వాత చిన్నపిల్లలతో వచ్చినవాళ్ళు, తర్వాత మిగతావాళ్ళు. ఇంత వరస పెట్టి అందర్నీ ఎక్కించేది ఒకే బస్సు. ముందు ఎక్కినవాడు ఆ బస్సులో ముందునుంచీ నిలబడతాడు, వెనక ఎక్కినవాడు వెనకనుంచీ. ఎవరూ ఎవరికన్నా ముందు పోరు. దీనికి డబ్బు కట్టి గర్వంగా నిలబడ్డ జనాన్ని చూసి నాకు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది.

పిల్లలవాళ్ళ వంతు వచ్చింది. గేటు దగ్గర మెడకు ఆకుపచ్చ గుడ్డ కట్టుకున్న అమ్మాయి, ఇరవై నాలుగేళ్ళుంటాయేమో. పాసులు చూసి, “సార్, బాబు సీటు వేరేగా ఉందే” అంది.

“నన్నడుగుతారేం? ఇచ్చింది మీరు.”

“ముందే ఎంచుకుని ఉంటే పక్కపక్కనే వచ్చేవి సార్.”

“ఎంచుకోవడం అంటే కొనుక్కోవడమని తిన్నగా చెప్పండి. ఊపిరాడకపోతే ఆక్సిజన్ ముసుగు కిందికి దిగుతుంది, ముందు పెద్దవాళ్ళు తగిలించుకుని తర్వాత పిల్లలకు తగిలించాలని మీరే చెబుతారు కదా. నాలుగో వరుసలో తగిలించుకుని ఇరవై తొమ్మిది దాకా పరిగెత్తనా? ఏ నిబంధనలో రాశారో చూపించండి.” అని పధ్నాలుగు పేజీలూ బల్ల మీద పరిచాను.

వెనకనుంచి ఎవరో పెద్దాయన, “మాస్టారూ, ఆ ఉపన్యాసం విమానంలో ఇవ్వండి. రెండు గంటలు మాకూ పొద్దుపోతుంది” అన్నాడు. జనం నవ్వారు. “నవ్వండి, రేపు మీ మనవడికి రెక్క మీద సీటిస్తారు” అన్నాను. దానికి ఇంకా నవ్వారు.

నీకు చెప్పిందీ, పత్రికలో “గేటు బయట బాల్యం” అని రాసిందీ ఇక్కడిదాకా అక్షరాలా నిజం. ఆ తర్వాత నా వ్యాసంలో ఒక్క వాక్యమే ఉంది: “ప్రశ్నించిన పాపానికి, ఇద్దరు పసివాళ్ళ కళ్ళముందే గేటు మూసేశారు.” పాఠకుల ఉత్తరాలు సంచీడు వచ్చాయి. అందులో సగం ఆ అమ్మాయిని తిట్టినవే. నిజానికి, నేను పేజీలు పరచడానికీ గేటు మూయడానికీ మధ్య పదకొండు నిమిషాలు ఉన్నాయి. ఆ పదకొండు నిమిషాలూ నేను ఎవరికీ చెప్పలేదు.

ఆ అమ్మాయి నా పేజీల వంక చూడనే లేదు. “మూడేళ్ళ బాబుని ఒక్కణ్ణే ఎలా కూర్చోబెడతాం సార్, మార్చేస్తాను, ఉండండి” అని కంప్యూటరులో ఏదో కొట్టింది. మూడు కొత్త పాసులు తీసి, నా ఎర్ర గీతల మీదే పెట్టింది. పదకొండో వరుస. ముగ్గురివీ. కిటికీ సీటు పెద్దదానికి.

నేను చూశాను. చూడలేదని చెప్పగలిగితే ఈ ఉత్తరం ఇంత కష్టమయ్యేది కాదు. చదివాను, అంకెలతో సహా.

చదివి, “ఇది మీరు చేసే దయ. నేనడుగుతున్నది హక్కు” అన్నాను.

“హక్కే అనుకోండి సార్. ఎక్కండి.”

“నాకిచ్చి నోరు మూయిస్తే ఈ వరసలో ఉన్న మిగతా తల్లిదండ్రుల సంగతి?”

మిగతా తల్లిదండ్రులు అప్పటికే బస్సెక్కేశారు. నా వెనక వరస ఖాళీ అయింది. పెద్దాయన కూడా పోతూ పోతూ బుడ్డోడి బుగ్గ గిల్లి వెళ్ళాడు. ఆ అమ్మాయి మూడుసార్లు టైము చెప్పింది. మూడోసారి, “సార్, ఇంకా రెండు నిమిషాలుంది. లోపల కూర్చుని నన్ను ఎంతైనా తిట్టుకోండి, ముందు పిల్లల్ని ఎక్కించండి” అని దాదాపు బతిమాలింది. పెద్దది నా చొక్కా పట్టుకు లాగింది.

“నాన్నా, ఆంటీ ఒకేచోట ఇచ్చేసింది కదా.”

“ఉండమ్మా, ఇది సీట్ల గురించి కాదు” అన్నాను.

అదొక్కటే ఆ రోజు నేను చెప్పిన నిజం. అదీ తెలియకుండా చెప్పింది.

నీకు ఆసుపత్రి వాళ్ళు కుటుంబం ఉండే క్వార్టర్సు ఇచ్చారు, పక్కనే బడి ఉంది, పిల్లలు నీ దగ్గరుండడమే న్యాయం. ఒప్పుకున్నాను. ఒప్పుకోవడం నాకు బాగా వచ్చు, అది కాగితం మీద పని. కానీ ఆ గేటు దాటితే రెండు గంటల్లో వాళ్ళు నీ చేతిలో ఉంటారు, మూడోనాడు నేను ఒక్కణ్ణే వెనక్కి వస్తాను. వాదనలో ఓడిపోతే ఎక్కాలి. గెలిచినా ఎక్కాలి. వాదన సాగినంతసేపే పిల్లలు నా దగ్గరుంటారు. అందుకని సాగదీశాను. ఆ బస్సు అద్దంలోంచి కనిపిస్తూ కదిలిపోయింది. ఆ అమ్మాయి గేటుకు తాడు కట్టి, బుడ్డోడి తోపుడు బండి చీటీ విప్పి ఇచ్చింది. మొహం మీద గేటు వేయడమంటే అదే, నర్సమ్మా. బండిని తిరిగి తెరవడం కూడా తనే చూపించింది, నాకు చేతకాకపోతే.

ఇంటికి తిరిగొచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. పొద్దున సర్దేసిన బొమ్మలు మళ్ళీ బయటికొచ్చాయి. బుడ్డోడు ఏనుగును బకెట్లో ముంచాడు. గుడ్లు వేయించి పెడితే ముగ్గురం ఒకే పళ్ళెంలో తిన్నాం. నేను ఎంత సంతోషంగా ఉన్నానో చెబితే అసహ్యించుకుంటావు. ఆ సంతోషంలోనే నీకు ఫోను చేసి, కంపెనీని దుమ్మెత్తిపోశాను. నువ్వు నమ్మావు. ఫోను పెట్టేశాక పెద్దదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, “ఆ కొత్త కాగితాల సంగతి అమ్మకు చెప్పక్కర్లేదు” అన్నాను. అది తలూపింది. నువ్వు మొన్న “ఆ ఆంటీ సీట్లు ఇవ్వనే లేదా” అని అడిగితే “నాన్ననడుగు” అని లేచి వెళ్ళిపోయిందని రాశావే, అందుకు. ఆరేళ్ళది, నా అబద్ధాన్ని మూడు వారాలుగా మోస్తోంది, అబద్ధం ఆడకుండా. ఇక దించెయ్యమని చెప్పు. నేనే చెప్పాలి, చెబుతాను, కానీ అంతదాకా ఆగనివ్వకు.

నీ మీద ఎవరో రోగి తాలూకు మనిషి ఫిర్యాదు రాసినప్పుడు నువ్వు మూడు రోజులు అన్నం ముట్టలేదు. మూడోనాడు తేలిపోయింది, తప్పు నీది కాదని. ఆ అమ్మాయికి ఇవాళ్టికి పన్నెండో రోజు. శ్రమజీవుల పక్షం అని నా పత్రిక మొదటి పేజీలో ఇరవై ఏళ్ళుగా అచ్చవుతూనే ఉంది.

కంపెనీని నేను క్షమించలేదు, అది చదువుతూ నవ్వకు. ఆ మిషను గురించి రాసిన ప్రతి మాట మీదా నిలబడతాను. కానీ మిషను విడదీసింది, మనిషి కలిపింది, నేను మనిషిని పట్టుకున్నాను, ఎందుకంటే మిషను ఎదురుగా నిలబడదు. ఇవాళ పొద్దున వాంగ్మూలం పంపేశాను, పదకొండు నిమిషాలతో సహా. ఆ మూడు పాసులూ నా పధ్నాలుగు పేజీల మధ్యే ఉండిపోయాయి. వాటినీ జతచేశాను. నకళ్ళు నీకు ఈ కవరులోనే పెడుతున్నాను. వచ్చే సంచికలో మొదటి పేజీలో వేస్తున్నాను కూడా. ప్రెస్సాయన ప్రూఫు చూసి, “ఎడిటర్ గారూ, ఇంత లావు అక్షరాలెందుకు, ఎక్కడో మూలన సర్దుదాం” అన్నాడు. తిట్టింది ఏ సైజులోనో ఒప్పుకోవడం కూడా ఆ సైజులోనే అన్నాను. “మీ ఇష్టం, చందాదార్లు పోతారు” అన్నాడు. పోనీ.

పత్రికను అక్కడినుంచి నడపలేవా అని మళ్ళీ అడిగావు. కిందటిసారి తొమ్మిది కారణాలు రాశాను. ఈసారి రాయడానికి కూర్చుంటే ఒక్కటీ కుదురుగా నిలబడలేదు. ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు. ఈ మాట నేను అన్నట్టు నీ దగ్గర ఎక్కడా రాసి ఉండదు, దాచుకో.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. మర్నాడు ఏం జరిగిందో నీకు తెలియదు. ఆ రోజు ముందే సీట్లు కొనేశాను. నిబంధనల కాగితాలు పట్టుకెళ్ళలేదు. గేటు దగ్గర వేరే ఎవరో అబ్బాయి ఉన్నాడు. చట్రంలో సంచి దించమంటే దించాను, బండి మడవమంటే మడిచాను, నిలబడమన్నచోట నిలబడ్డాను. పెద్దది నా మొహంలోకే చూస్తోంది. పాసులు చేతికిచ్చేటప్పుడు అడిగింది, “నాన్నా, ఇవాళ గొడవ పెట్టుకోవా?”

“లేదమ్మా” అన్నాను.

అది తమ్ముడి చెయ్యి పట్టుకుంది. “అయితే మేం వెళ్ళిపోతామన్నమాట” అంది.

ఇట్లు,
పిల్లల నాన్న