రెండు వందల పన్నెండు చీటీలు

అమలాపురం,
14-8-2001, మంగళవారం.

ప్రసాద్ బావగారికి,

కుశల ప్రశ్నలు తర్వాత. ముందు మా కంటాసుపత్రికి మీరు రాసిచ్చిన ప్రోగ్రాం సంగతి తేల్చండి.

మంగళవారం రావలసిన డాక్టరుగారు గురువారం వస్తానని శనివారం ఫోన్ చేశారు. అచ్చు కావలసిన శుక్లాల ఆపరేషన్ చీటీలు రెండు వందల పన్నెండు. ఒక్కొక్క రోగి నెంబరూ కొట్టి, తేదీ మార్చి, ఎంటర్ నొక్కి, మళ్ళీ ఇంకో నెంబరు! నూరు దాటకుండానే సాయంత్రం ఐదయింది, చీటీలు పంచే నర్సుల బస్సు వేళయింది. మిగిలినవన్నీ పాత తేదీతోనే అచ్చయి, నర్సులతో ఊళ్ళకి వెళ్ళిపోయాయి.

మా పాత రిజిస్టర్లో పైన తేదీ, కింద డిటోలు. పైది దిద్దితే అందరికీ మారిపోయేది. ఇంత చదువుకున్న మీకు ఆ డిటో తట్టలేదా? ఒక్కసారి కొడితే అన్నీ మారేలా చెయ్యండి.

ఇవాళ గోదావరి లంక నుంచి సత్యనారాయణమ్మగారు పరగడుపున పడవెక్కి వచ్చారు. డాక్టరు లేరంటే తిడతారనుకున్నాను. చీటీ తడుముకుంటూ, "కంప్యూటరు తప్పు రాత్తదేంటండీ? నాకే కళ్ళు కనపడక మంగళవారం అనుకునుంటానండీ" అన్నారు.

గురువారం ఆవిడ మళ్ళీ వస్తారు. మీరూ రండి. తప్పు ఆవిడ కళ్ళది కాదని మీ నోటితోనే చెప్పండి.

మీ మరదలు