తిరగబడిన ఇంటిపేరును తిరిగి తిరగేయించుట గురించి

అన్స్-మార్గో పురపాలక సంఘాధ్యక్షులవారికి,
మార్తినీక్ ద్వీపం. 1961.

అయ్యా,

విషయం: నా మనవరాలు ఎలోడి ఇంటిపేరును తమ గుమాస్తా జాలిపడి పాడుచేసిన సంగతి.

పై విషయమై, ఇదే ఊళ్లో పడవలు బాగుచేసుకుని బతికే అనతోల్ లిమెరో అను నేను సవినయముగా మనవి చేసుకొనునది:

1. మా అమ్మకు అమ్మమ్మ, రోమెలి దొర చెరుకుతోటలో బానిస. దొరకే పుట్టిన బిడ్డ కూడాను. బానిసలను వదిలేసిన ఏడు అందరికీ ఇంటిపేర్లు రాస్తుంటే, తెల్లవాళ్ల పేరు నల్లబిడ్డకు పెట్టకూడదు గనుక, దొర తన పేరునే వెనకనుంచి చదివి 'లిమెరో' అని రాయించి చేతులు దులుపుకున్నాడు. ఆ పేరుతోనే మేము నిక్షేపంగా బతుకుతున్నాము.

2. పోయిన నెల నా కూతురు గ్లాదిస్ బిడ్డ పేరు నమోదుకు వచ్చినది. (తండ్రి ఊసు అడగవద్దు. మా వంశంలో ఆ ఆనవాయితీ పెద్దగా లేదు.) ప్యారిస్ నుంచి కొత్తగా దిగిన తమ గుమాస్తా "లిమెరో ఏమిటండీ, వింతగా ఉందే" అన్నాడు. పిచ్చిది, కథంతా చెప్పింది. ఆయన కళ్లనీళ్లు పెట్టుకుని "ఎంత అన్యాయమమ్మా, నేను సరిచేస్తానుండు" అని బిడ్డకు రోమెలి అని రాసేశాడు. పచ్చి బాలింత, చూడకుండా సంతకం పెట్టింది. తిట్టినవాణ్ణయితే తిరిగి తిట్టవచ్చు, జాలిపడినవాణ్ణి ఏం చేయమంటారు?

3. చేపల బజారులో నేను కనబడితే చాలు, "దొరసాని తాతగారొచ్చారు, లేవండే" అని ఆడవాళ్లు లేచి నిలబడుతున్నారు. పరువు పోయినది.

4. అసలు రోమెలి వంశీకులు హుబెర్ గారు కారేసుకుని చెమటలు కక్కుతూ మా షెడ్డుకు వచ్చినారు.

"చూడు అనతోల్, తోటలో వాటా అంటే మాత్రం కోర్టుకెళ్తాను."

"మీ తోట ఎవడిక్కావాలండీ? మీ పేరే వద్దని అర్జీ రాస్తున్నా."

"ఏం, మా పేరుకేమొచ్చిందయ్యా?" అని అలిగి వెళ్లిపోయినారు.

5. ఇక అసలు బాధ. మా అమ్మ సిడోనికి తొంభై దాటాయి, చూపు పోయింది, డాక్టరు ఆశ వదులుకోమన్నాడు. మా ఇంట్లో పుట్టిన బిడ్డను అందరిలోకీ పెద్దది ఒళ్లో పెట్టుకుని, ఇంటిపేరుతో సహా చెవిలో పిలవాలి. అప్పుడే అది మా బిడ్డ. ఎలోడిని తీసుకెళితే అమ్మ మొహం తిప్పుకుంటోంది.

"మా అమ్మమ్మ వీపు నిమిరినదాన్నిరా నేను. వాతలు చేతికి తగిలేవి. కన్నతండ్రి కొట్టించిన దెబ్బలు. ఆ పేరు నా నోట రాదు, పిల్లను తీసుకుపో" అంటుంది. పిల్ల ఏడిస్తే తనూ ఏడుస్తుంది. నాకు చూడబుద్ధి కావడం లేదు.

కావున తాము దయతలచి, మా పేరు మాకు ఇప్పించవలెను. జాలి మాత్రం చూపవద్దని ప్రార్థిస్తూ, చిత్తగించవలెను.

తమ విధేయుడు (తమ గుమాస్తాకు కాదు),
అనతోల్ లిమెరో

తా.క. నిన్న సాయంత్రం అమ్మకు ఊపిరి అందలేదు. "పేరు సరిచేశారట్రా?" అంది. "చేశారమ్మా" అన్నాను. "కాగితమేదీ?" అంది. కరెంటు బిల్లు చేతిలో పెట్టాను. తడిమి చూసి, పిల్లను ఇమ్మంది. చెవిలో "ఎలోడి లిమెరో" అని పిలిచింది, ఆగి మళ్లీ పిలిచింది. అయ్యా, తమరి తరఫున ఆర్డరు నేనే ఇచ్చేశాను. అమ్మ ప్రాణం ఉండగా సంతకం పెట్టండి.