కొలారెస్ వెళ్ళొచ్చిన వాళ్ళం

ఏమండీ,

మీ సంవత్సరీకం అయిన వారానికి సుజాత డిన్నర్‌కి పిలిచింది. మన పిస్కాటవే ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళందరూ వచ్చారు. భోజనాలయ్యాక లైట్లు ఆర్పి, వాళ్ళ పోర్చుగల్ ట్రిప్ స్లైడ్లు గోడ మీద వేశారు. లిస్బన్ అయిపోగానే ఏమొచ్చిందనుకున్నారు? కొలారెస్! మీరు లైబ్రరీ పుస్తకంలో చూపించి, గ్రీన్‌కార్డ్ రాగానే వెళదామన్న ఊరు. సముద్రం పక్కన ఇసుకలో వైన్ ద్రాక్షతోటలు. ఆ తీగల ముందు సుజాత, ఆమె భుజం మీద మొగుడి చెయ్యి. నాకు ఒళ్ళు మండిపోయింది. ద్రాక్షపళ్ళే ముట్టని మనిషికి ఆ తోటలెందుకండీ?

"తీగలు అలా నేలమీద పడున్నాయేమిటి?" అని ఎవరో అడిగారు.

"ఏమో, గైడ్ ఏదో చెప్పాడు. నేనప్పుడు షాపింగ్ గురించి ఆలోచిస్తున్నా," అని నవ్వింది సుజాత.

ఇక నేనాగలేకపోయాను. సముద్రపు గాలికి విరిగిపోకుండా తీగల్ని నేలమీదే పాకిస్తారనీ, దేశదేశాల ద్రాక్షతోటల్ని తినేసిన వేరుపురుగు ఇసుకలో బతకలేక వీటిని మాత్రం వదిలేసిందనీ, మీరు నాకు చెప్పినట్టే చెప్పాను. అందరూ నా వైపు తిరిగారు.

"మీరెప్పుడెళ్ళారు వదినా? ఒక్కసారైనా చెప్పలేదే!" అంది సుజాత. ఆ గొంతులో అసూయ వినపడగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

"మీ అన్నయ్యా నేనూ ఎప్పుడో వెళ్ళొచ్చాం," అన్నాను.

అనేశానండీ. అక్కడ మిమ్మల్ని ఎవరైనా అడిగితే, వెళ్ళామనే చెప్పండి.