దేవుడి తొట్టి

ప్రియమైన త్రాసిల్లోస్ అన్నయ్యకు,

నీ క్షేమం అడగను. వాగు పుట్టేది మీ మెలాంతిలోనే కదా, మీకేం. మీవాళ్లు దానికి అడ్డకట్ట వేసి పక్క లోయలోకి మళ్లించారట. మా కెలాండ్రలో గులకరాళ్లే మిగిలాయి. నా పాప మిర్తో పెదాలు పగిలి ఏడుస్తోంది. మా అత్త ఖాళీ కుండ నా ముందు బోర్లించి, "మీ అన్న ప్రమాణాలు కాచుకుని తాగమంటావా?" అంది.

ఒకే గుడికి కట్టుబడ్డ ఏడు ఊళ్లం మనం. యుద్ధమొచ్చినా తోటి ఊరికి పారే నీళ్లు ఆపబోమని, మెలాంతి ప్రతినిధిగా బలిపీఠం మీద చేయి పెట్టి ప్రమాణం చేసింది నువ్వే. ఆ చేయి ఏమైంది?

నీ చెల్లెలు,
నికరెతె

చెల్లెమ్మా,

నోరు పారేసుకోకు. తప్పు మీదే. దేవుడి బీడు దున్నకూడదని తెలిసీ మీవాళ్లు నాగలి పెట్టారు, బార్లీ చల్లారు. అందుకే గుడిలో కూడిన ఏడు ఊళ్ల సభ కెలాండ్రను కూటమి నుంచి వెలివేసింది. ప్రమాణం కూటమి ఊళ్లకే గానీ వెలి ఊరికి కాదు. కాబట్టి మేం మాట తప్పలేదు.

అవును, నేనూ చెయ్యెత్తాను. మా ఊరు ఎత్తమంది. పాపను తీసుకుని పుట్టింటికి వచ్చెయ్, ఇక్కడ నీళ్లకు కొదవ లేదు.

మీ అన్న,
త్రాసిల్లోస్

అన్నయ్యా,

'ప్రియమైన' అని రాయడానికి చేయి రావడం లేదు. ముందు వెలివేసి, తర్వాత గొంతెండగట్టి, మాట తప్పలేదంటావా? ఎంత తెలివి! బీడు దున్నింది నలుగురు, దప్పికతో చచ్చేది ఊరంతానా?

నేను రాను. ఇక్కడి పిల్లలందరినీ ఎత్తుకురావడానికి నాకు చేతులు చాలవు.

సభకు వెళ్తావుగా. గుడి మాకు దిగువనే ఉందని గుర్తుందా?

నికరెతె

చెల్లెమ్మా,

సభ జరగలేదు. గుడి గుమ్మంలో తొట్టి ఎండిపోయింది. అది మీ ఊరు దాటి వచ్చే వాగుతోనే నిండుతుందని మాలో ఒక్కడికీ తట్టలేదు. చేతులు కడగనిదే బలి లేదు, బలి లేనిదే సభ లేదు. పూజారి అందరి ముందూ నన్ను పట్టుకుని, "వెలి ఊరి నీళ్లే ఆపామన్నారే! దేవుణ్ణి కూడా వెలివేశారట్రా?" అని అరిచాడు. గుడి నీళ్లు ఆపినా ప్రమాణం తప్పినట్టే, అలా తప్పిన ఊరిపైకి మిగతా ఊళ్లన్నీ దండెత్తి రావాలని ప్రమాణంలోనే ఉంది. ఆ ఊరు ఇప్పుడు మాదే అయ్యేలా ఉంది.

అదేరోజు కట్ట తెంచేశాం. మిమ్మల్ని మళ్లీ చేర్చుకుంటారట. కోపం వదిలెయ్, గుడి పండక్కి రా.

మీ అన్న,
త్రాసిల్లోస్

అన్నయ్యా,

నీళ్లొచ్చాయి. ముందు బురద, తర్వాత తేట. మా అత్త మొదటి దోసెడు మిర్తోకే పట్టింది. పక్కింటి మెనిప్పె మాత్రం వాగు దగ్గరికి రాలేదు. నీళ్లు రాకముందే ఆమె కొడుకును పాతిపెట్టాం.

పిల్లల గొంతులెండితే తెంచని కట్టను, మీ చేతులు కడుక్కోవడానికి తెంచారు. అదీ నా కోపం. దాన్ని వదలను.

పండక్కి నువ్వే వెళ్లు. తొట్టి నిండింది కదా, బాగా కడుక్కో. ఆ నీళ్లు మెనిప్పె గుమ్మం ముందు నుంచే వస్తాయి.

కెలాండ్ర కోడలు,
నికరెతె